చాంపియన్ బాబాయ్ ముక్కు

బేకరీలో అందరూ ఆయన్ని చాంపియన్ బాబాయ్ అంటారు. ఆ పిలుపులో పావు వంతు గౌరవం, ముప్పావు వంతు ఎకసెక్కెం. నిజానికి ఆయన దేనికీ చాంపియన్ కాదు. వయసులో ఉన్నప్పుడు పగలంతా ఓవెన్ ముందు పని, సాయంత్రం క్లబ్బులో బాక్సింగ్. సరదాకే తప్ప డబ్బుకు కాదు. ఆ సరదా ఆయన్ని మూడుసార్లు విమానం ఎక్కించి పరాయి దేశాలకు తీసుకెళ్లింది. మూడుసార్లూ చితక్కొట్టించి తీసుకొచ్చింది.

ఓడినవాడికి పతకం ఇవ్వరు కదా. ఆయనకు వంకర ముక్కు ఇచ్చి పంపారు.

పిండి కలిపే అతనికి ఆ ముక్కును ఊరి పటంలా ఎన్నోసార్లు చూపించాడు.

"ఇదిగో, ఈ మలుపు పొడుగాడిది. కొంగలా ఉండేవాడు. వాడి చెయ్యి పక్క వీధిలో బయలుదేరి నా ముక్కు మీద దిగేది. ఈ బొడిపె నవ్వులోడిది. నవ్వుతూ వచ్చాడు, నవ్వుతూ కొట్టాడు, నేను పడ్డాక చెయ్యిచ్చి లేపి మళ్లీ నవ్వాడు."

"మరి మూడోవాడు?"

"వాడిది ఎడంచేతివాటం. పొడుగాడు వంచిన ముక్కును కాస్త వెనక్కి తెచ్చాడు. మంచివాడు పాపం."

"మెట్ల మీంచి పడ్డావని పిన్ని చెప్పిందే?"

"మా ఇంట్లో మెట్లెక్కడివిరా!"

ఆ ముగ్గురి భాషా ఆయనకు రాదు. అయినా ఆట ముగిశాక రింగులో ఎదుటివాడి మూలకు వెళ్లి వాడి గురువుతో చెయ్యి కలపడం రివాజు. నవ్వులోడి గురువు ఆయన గడ్డం పట్టుకుని, చంటిపిల్లాడికి పట్టినట్టు సీసాతో నీళ్లు తాగించాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు బాబాయ్ ఇప్పటికీ తల కొంచెం పైకెత్తుతాడు.

ఇలా కథలు చెప్పుకుంటూ కాలం సాఫీగానే గడిచిపోయేది, ఆ ముక్కే మొరాయించకపోతే. బ్రెడ్ అయిందో లేదో ఆయన ఎన్నడూ గడియారం చూసి చెప్పలేదు, వాసన చూసే చెప్పేవాడు. అలాంటిది, పాత దెబ్బలకు లోపల ఏదో కుంగి, ముందు ఒక రంధ్రం మూసుకుపోయింది, తర్వాత రెండోదీ ఆ దారే పట్టింది. ఓవెన్ ముందు నిలబడి ఉండగానే ఒక ట్రే బొగ్గయింది. ఆ వారంలోనే ఇంకొకటి.

"అన్నా, పొగ పై అంతస్తులో మాకు తెలిసింది. పక్కనే ఉన్న మీకు తెలియలేదు," అంది యజమానురాలు. "ముక్కు చూపించుకోండి. ఇంకొక్క ట్రే మాడిందంటే మాత్రం మీరు కౌంటర్‌లో కూర్చోవాల్సిందే."

కౌంటర్! రోజంతా చిల్లర తీసుకుని, పొట్లం ఇచ్చి, చిరునవ్వు నవ్వాలి. దానికన్నా పొడుగాడితో ఇంకో రౌండ్ నయమనిపించింది.

భార్య ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ ముక్కులోకి చూసే గొట్టం పట్టుకుని చెయ్యి చాపింది. బాబాయ్ తల చటుక్కున పక్కకు తప్పుకుంది. మళ్లీ చాపింది. ఈసారి రెండో పక్కకు.

"కదలకండి."

"నేను కదలట్లేదమ్మా, తలే కదులుతోంది."

భార్య లేచి వచ్చి రెండు చేతులతో ఆయన తల పట్టుకుంది. "ఈ తప్పుకోవడమేదో ఆ రోజుల్లో తప్పుకుని ఉంటే మనకీ తిప్పలు ఉండేవి కావు."

చూసి, డాక్టరమ్మ తేల్చేసింది. లోపలి గోడ కూలింది. అది నిలబడాలంటే పైవంకర కూడా తీసేయాలి.

"వంకర ఉంచేసి లోపల ఒక్కటే..."

"మీ విషయంలో కుదరదండీ."

బస్సులో ఆయన కిటికీకేసి తిరిగి కూర్చున్నాడు. సగం దూరం చూసి, భార్య ఇక ఊరుకోలేకపోయింది.

"ఏమండీ, ఆ ముగ్గురూ మీకేమైనా చుట్టాలా?"

"అంతకన్నా ఎక్కువే. చుట్టాలెవరూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు." ముక్కు తడుముకుంటూ అన్నాడు, "ఇది కాస్తా పోతే నేను రింగెక్కానంటే ఎవరు నమ్ముతారే?"

"ఓవెన్ పోతే మీరేం చేస్తారు?"

బస్సు దిగేలోపు ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

కట్లు విప్పాక అద్దంలో ఎవరో గుమాస్తా కనిపించాడు. వాపు తగ్గినా వాసన మాత్రం రాలేదు. ఓపిక పట్టమంది డాక్టరమ్మ. ఆ గుమాస్తా ముక్కుతోనే ఆయన పనిలోకి వెళ్లాడు. బేకరీ అంతా ఒక కన్ను ఆయన మీద, ఒక కన్ను ఓవెన్ మీద వేసి ఉంచింది. మొదటి ట్రేలు గడియారాన్ని నమ్ముకుని తీశాడు. ఒకటి తెల్లగానే వచ్చింది. యజమానురాలు ఒకసారి దాన్ని, ఒకసారి కౌంటర్‌ను చూసి వెళ్లింది. అదే ఎక్కువ భయపెట్టింది.

ఒక ఉదయం ఓవెన్ ముందు నిలబడి ఉండగా, పచ్చిపిండి పులుపు సన్నగా తగిలింది. వెనకే తీపి. ఆ తీపి కాస్త ముదిరి, పైపొర కరకరలాడే ఘడియ...

"తియ్యరా!"

"ఇంకా గంట మోగలేదు బాబాయ్."

"అది మోగేసరికి మాడుతుంది. తియ్యమంటే తియ్యి!"

తీశాడు. వరసకు వరస తేనెరంగు. యజమానురాలు ఒకటి తుంచి చూసి, "కౌంటర్‌కు వేరే మనిషిని చూసుకుంటాలే అన్నా," అని వెళ్లిపోయింది.

పిండి కలిపే అతను మాత్రం వదల్లేదు. "అంతా బాగుంది బాబాయ్. మరి నీ విదేశీ కథలకు ఇక సాక్ష్యమేది?"

"నా దగ్గర లేకపోతేనేం, వాళ్ల దగ్గరుంది. పొడుగాడి ఎడమ కనుబొమ్మ చీల్చింది నేనే. వాణ్ని ఇంకా వాళ్లావిడ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లి ఉండదు. పోయి చూసిరా," అన్నాడు బాబాయ్, రెండో ట్రేను లోపలికి తోస్తూ.