పడిన పిల్లని లేపమన్నాను

మా మనవరాలు గౌరికి కొరాపుట్‌లో జూడో సెలక్షన్ ఉందని కాగితం వచ్చిన రోజు నుంచి నాకు తిండి సయించలేదు. మేముండేది తెరుబలిలో, ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో. మా అబ్బాయి ఫర్నేసు దగ్గర పని చేస్తాడు. మా జిల్లాకి పెద్ద ఊరు కొరాపుట్ కాబట్టి ఏ పోటీ అయినా అక్కడే పెడతారు. గెలిచిన పిల్లకి కటక్‌లో ఆటల హాస్టల్లో సీటిస్తారట. తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటారు, తరవాత రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం దొరుకుతుందని చెప్పారు. గౌరి అంత బరువుండే పిల్లలందరికీ కలిపి ఒకటే సీటు. వచ్చే ఏడాదికి దానికి వయసు దాటిపోతుంది, అంటే ఇదొక్కసారే. ఆడపిల్లకి తోడు ఇంట్లోవాళ్ళు ఒకరు రావాలన్నారు. అబ్బాయికి షిఫ్టు మారలేదు, కోడలు జ్వరంతో ఉంది, మా ఆయన ఆ ఆట చూడటానికి రానన్నాడు. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, ఒడియా అక్షరం ఒక్కటీ రానిదాన్ని, నేనే మిగిలాను. బస్సు లోయలో పడితే? పిల్ల మెడ విరిగితే? రోజుకొక భయం పట్టుకునేది.

పోటీ సంగతి చెప్పే ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన్ని అందరూ వస్తాదు అంటారు. పార్వతీపురం దగ్గర మా ఊళ్ళో తాలింఖానా నడిపేవాడు. కర్రసామూ కుస్తీ నేర్పేవాడు. అబ్బాయి దగ్గరికి వచ్చాక క్వార్టర్ల వెనక ఇసక పోయించి అక్కడా మొదలుపెట్టాడు. పది పన్నెండు మంది పిల్లలు వచ్చేవాళ్ళు. క్రికెట్ బ్యాట్లు వచ్చాక ఒక్కొక్కరే జారిపోయారు. చివరికి గౌరి ఒక్కతే మిగిలింది. ఆయన తాలింలో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడు పడ్డాడంటే ఆట ఆగిపోవాలి. పడేసినవాడే వంగి చెయ్యిచ్చి లేపాలి, వాడి వీపు మీద ఇసక దులపాలి. ఆడేవాడు ఉడుకులో మరిచిపోతాడని, చుట్టూ కూచున్నవాళ్ళు “లేపు, లేపు” అని కేక వెయ్యాలి. నలభై ఏళ్ళు గట్టు మీద కూచుని ఆ కేక వేసినదాన్ని నేను.

గౌరికి జూడో నేర్పింది సుగుణ టీచర్. కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి, స్కూల్లో డ్రిల్లు చెబుతుంది. ఎనిమిది నెలల కిందట మా ఇంటికి వచ్చి మా ఆయన ఎదురుగా కూచుంది.

“తాతగారూ, అమ్మాయికి మీ కుస్తీ, మా జూడో రెండూ కుదరవండీ. పడేసి వెంటనే చెయ్యిచ్చేస్తోందండి. జూడోలో పూర్తిగా వెల్లకిలా పడితేనే ఆట అయిపోతుందండి. పక్కకి పడితే మీద పడి అదిమి పట్టుకోవాలి, ముప్పయి లెక్కపెట్టేదాకా.”

“పడిపోయినోడి మీద పడతారేటి టీచరమ్మా? అది ఆటేటి, కుక్కల కొట్లాటేటి?”

“అది రూలండి.”

“మాకూ ఉంది రూలు.”

“ఉందండి. కాదనను. మీ రూలుకి సర్టిఫికెట్ ఎవరిస్తారండీ?”

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ఆ సాయంత్రం మా ఆయన తన కర్రని గోడకున్న మేకుకి తగిలించి గౌరిని పిలిచాడు. “అమ్మీ, నా మాట మర్సిపో. టీచరమ్మ ఏటి సెబితే అదే సెయ్యి.” ఆ తరవాత ఎనిమిది నెలలు ఆయన ఆ కర్ర ముట్టలేదు. పొద్దున్నే లేచి ఇసక దాకా వెళ్ళి, కాసేపు నిలబడి వచ్చేసేవాడు. ఇసకలో గడ్డి మొలిచింది.

మొదటి బస్సు తెరుబలిలో అయిదింటికి. గంటలో రాయగడ చేరాం, మనిషికి రెండు రూపాయలు. కొరాపుట్ బస్సు ఆరున్నరకి బయలుదేరుతుంది, టిక్కెట్టు పదమూడు. సీటు కావాలంటే ఆరింటికే ఎక్కి కూచోవాలి. నేను కిటికీలోంచి మజ్జిగౌరమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. పిల్లకి ఆ తల్లి పేరే పెట్టుకున్నాం. గెలిపించమని అడగలేదు, అది ఇప్పుడు గుర్తొస్తోంది. ఎవరికీ దెబ్బ తగలకుండా చూడు తల్లీ అని మాత్రమే అడిగాను.

కండక్టరు రాయగడ తెలుగువాడే. నా ఒళ్ళోని మూట చూసి ఆగాడు. “మామ్మా, మూటలో ఏటి, కోడా? కోడికి అర టిక్కెట్టు.”

“కోడి కాదు నాయనా, పులిహోర.”

“అయితే తూకానికి టిక్కెట్టు కొట్టాల. లేపోతే నాకో ముద్ద పెట్టాల.”

“మా గుంట తినకుండా నీకెలా పెడతాన్రా?”

గౌరి నవ్వింది. ఆ ప్రయాణంలో అది నవ్వింది అప్పుడొక్కసారే. ముందురోజు మధ్యాహ్నం నుంచి దాని కడుపులో ఏమీ లేదు. పోటీకి ముందు బరువు తూస్తారు, గీత దాటితే ఆడనివ్వరు. లక్ష్మీపూర్ దగ్గర ఘాటీ ఎక్కుతుంటే బస్సు ప్రతి మలుపులోనూ మూలిగింది. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. నేను ముందు సీటు కమ్మీ వదలలేదు. పిల్ల పెదవులు ఎండిపోయి తెల్లగా అయ్యాయి. కాకిరిగుమ్మలో పది నిమిషాలు ఆపారు. చోళ్ళ గంపలతో, అంటే రాగులతో, కొండవాళ్ళు ఎక్కారు, వాళ్ళ కాళ్ళ మధ్య ఒక మేకపిల్ల. హోటలామె ఆకులో ఇడ్లీ పెట్టి ఇచ్చింది.

“ఒక్కటి తినే అమ్మీ.”

“తూకం అయ్యేక తింతాను మామ్మా. సుక్క నీళ్ళు కూడా వొద్దన్నారు.”

“కళ్ళు తిరిగి పడిపోతావే.”

“పడితే లేవడం తాత నేర్పేడులే.”

పన్నెండింటికి కొరాపుట్‌లో దిగాం. మధ్యాహ్నం పూట కూడా అక్కడ గాలి చల్లగా తగులుతుంది, చెవులకి గుడ్డ కట్టుకోవాల్సి వచ్చింది. బస్టాండు నుంచి పోటీ జరిగే హాలుకి నడిచి పావుగంట. ముందురోజే వెళ్ళిన సుగుణ టీచర్ గేటు దగ్గరే ఉంది. పిల్లని లోపలికి తీసుకెళ్ళి తూయించింది. సరిపోయింది. గౌరి మెట్ల మీద కూచుని పులిహోర తింటుంటే నా ప్రాణం కుదుటపడింది. ఇంక భయం లేదనుకున్నాను.

హాల్లో నేల మీద పచ్చ పరుపులు పరిచారు. చుట్టూ బెంచీలు, మనకీ ఆడేవాళ్ళకీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. మొదలుపెట్టే ముందు మా తాలింలో లాగే వాళ్ళు కూడా ఒకరికొకరు వంగి దండం పెట్టారు. అది చూసి, అంత పరాయి ఆట కాదులే అనుకున్నాను. మొదటి ఆటలో గౌరి ఒక ఒడియా పిల్లని తుంటి మీదుగా పడేసి, వెంటనే మీద వాలి పట్టేసింది. పట్టు వదల్లేదు. నేను వేళ్ళ మీద ముప్పయి లెక్కపెట్టాను. టీచర్ అరచేతులు రెండూ మొహానికి కప్పుకుని నవ్వింది. ఎనిమిది నెలల చాకిరీ ఆ నవ్వులో కనిపించింది నాకు.

రెండో ఆట సీటు తేల్చేది. ఎదురుగా జయపురం పిల్ల, గౌరి కంటే జానెడు పొడుగు. చాలాసేపు ఒకరి అంగీ ఒకరు పట్టుకుని గుంజుకున్నారు. ఉన్నట్టుండి గౌరి కాలు అడ్డం పెట్టింది. ఆ పిల్ల గాల్లోకి లేచి పక్కకి పడింది. మెడ కిందకి మడిచినట్టయింది. కాళ్ళు కదల్లేదు. పక్కకి పడింది కాబట్టి ఆట అయిపోలేదు. గౌరి దాని మీదకి వాలబోతోంది.

నేను లేచి నిలబడ్డాను. “మెడే అమ్మీ, దాని మెడ! లేపే! లేపు, లేపు!”

గౌరి ఆగింది. ఆలోచించి ఆగలేదు, దాని ఒళ్ళే ఆగింది. వంగి చెయ్యి చాపింది. జయపురం పిల్ల ఆ చెయ్యి పట్టుకుంది, రెండో చేత్తో కాలరు పట్టుకుంది, లాగింది. గౌరి దాని మీద నుంచి దొర్లి పక్కకి పడింది. ఆ పిల్ల గౌరి మీద వాలి అదిమేసింది. గౌరి కాళ్ళు కొట్టుకుంది, నడుం లేపింది. కుదరలేదు. ఈసారి నేను లెక్కపెట్టలేదు. హాలంతా లెక్కపెట్టింది.

పరుపు దిగాక టీచర్ దాని భుజాలు పట్టుకుంది. “చెయ్యి ఎందుకిచ్చావమ్మా? ఎనిమిది నెలలు చెప్పాను కదా. నా వెనక ఎవరో తెలుగులో అరిచారు, ఎవరది?”

గౌరి నా వైపు ఒక్కసారి చూసింది. తల తిప్పేసుకుంది. “ఎవరో టీచర్. నాకే అలవాటు పోలేదు.”

అవతలి బెంచీ మీద జయపురం పిల్ల వేరుశెనక్కాయలు ఒలుచుకుని తింటోంది. మెడ అటూ ఇటూ తిప్పుతూ ఎవరితోనో మాట్లాడుతోంది. దానికేమీ కాలేదు. నేను మొక్కుకున్నట్టే ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ రాత్రి టీచర్‌కి తెలిసినవాళ్ళ మిషన్ స్కూల్లో పడుకున్నాం, డబ్బులు తీసుకోలేదు. టీచర్ పని ఉండి ఆగిపోయింది. పొద్దున ఏడింటి బస్సులో మేమిద్దరం వెనక్కి వచ్చాం. ఘాటీ దిగేటప్పుడు భయమెయ్యలేదు. బస్సు పడితే పడనీ అనిపించింది. లక్ష్మీపూర్ దాటాక అడిగాను.

“నా కేక నీకు ఇనిపించిందేటే?”

అది కిటికీలోంచి బయటికి చూస్తోంది. “ఇనిపించింది.”

“మరి టీచరమ్మకి సెప్పలేదేటి?”

“సెబితే సీటిస్తారేటి?” నా వైపు తిరిగి అంది, “ఇంట్లో కూడా సెప్పకు మామ్మా. నీ వల్లని తెలిస్తే తాత నీతో మాటాడ్డు. నాతోనయితే మాటాడతాడు.”

మూడింటికి తెరుబలి చేరాం. మా ఆయన మెట్టు మీద కూచుని ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడని కోడలు చెప్పింది.

“ఏటయింది అమ్మీ?”

“ఓడిపోయేను తాతా. పడేసేను గానీ సెయ్యిచ్చేసేను. అలవాటు పోలేదు.”

ఆయన చాలాసేపు దాని చెయ్యి చూశాడు. “నానే పాడు సేసేను నిన్ను,” అన్నాడు. లేచి లోపలికి వెళ్ళి మేకు మీద కర్ర తీశాడు. పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి దగ్గరికి పట్టుకెళ్ళాడు. మంటలో పెట్టాడు. నలభై ఏళ్ళు నూనె తాగిన వెదురు, వెంటనే అంటుకుంది. కణుపు కణుపుకీ పేలింది. గౌరి పరిగెత్తుకొచ్చేసరికి సగం కాలిపోయింది. నేను బిందె నిండా నీళ్ళతో పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు, “నీ తప్పు కాదు, అరిచింది నేను” అని. కొరాపుట్‌లో అంత గట్టిగా లేచిన నోరు అక్కడ తెరుచుకోలేదు.

అది జరిగి మూడు నెలలవుతోంది. గౌరి జూడోకి వెళ్ళడం లేదు. టీచర్ రెండుసార్లు వచ్చి, గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయింది. ఇసక మీద గడ్డి మోకాలి దాకా పెరిగింది. ఆయన అటు వైపు కూడా వెళ్ళడు. గౌరితో మాట్లాడుతూనే ఉన్నాడు, అది చెప్పినట్టే. నాతోనూ మాట్లాడుతున్నాడు, అదే నేను భరించలేకపోతున్నాను. ఆయన పద్ధతి మంచిదా, టీచర్ పద్ధతి మంచిదా అని నన్ను అడగకండి. దేనికి దానికి ఒక దారి ఉండేది. పిల్ల ఒక దారిలో నడుస్తుండగా రెండో దారిలోంచి కేకేసి పిలిచినదాన్ని నేను. ఎన్నోసార్లు చెప్పేద్దామని ఆయన పక్కన కూచున్నాను, కాళ్ళు నొక్కి లేచి వచ్చేశాను. ఆయనకి చదువు రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీలో ఎవరైనా పిల్లల్ని కొరాపుట్ పోటీకి తీసుకెళ్తే, ఆ హాలు గేటుకి ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది, కప్పు నలభై పైసలు, కూచోవడానికి బల్ల కూడా వేశారు. పిల్లని లోపలికి పంపి మీరు అక్కడ కూచోండి. లోపల మీ గొంతు పిల్లకి వినిపిస్తుంది.