అమ్మ ఆది జాకెట్టు

మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ దర్జీ టేపు ముందు నిలబడలేదు. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇచ్చి, దాని కొలతతోనే కొత్తది కుట్టమంటారు. దాన్నే ఆది జాకెట్టు అంటారు. నాకు పదిహేనో ఏట మొదటి జాకెట్టు కుట్టించాల్సి వచ్చింది. మేడ్చల్ మార్కెట్లో దర్జీ మగవాడు కాబట్టి అమ్మ నన్ను దుకాణం మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. తన జాకెట్టే ఆదిగా ఇచ్చి, "జర ఛాతీ కాడ వదులు వెట్టు" అని గొంతు తగ్గించి చెప్పింది. అమ్మది సన్నటి ఒళ్ళు, వెడల్పు భుజాలు. నాది అచ్చం దానికి తిరగేసిన ఒళ్ళు.

ఆ జాకెట్టు భుజాల మీంచి జారేది, ముందు హుక్కులు ఊడిపోయేవి. మధ్యలో పిన్నీసు పెట్టుకునేదాన్ని. తర్వాత దాన్నే ఆదిగా ఇచ్చి ఇంకొకటి, దాన్ని ఇచ్చి మరొకటి. ఇరవై మూడేళ్ళు ఒకే తప్పును శ్రద్ధగా కుట్టించుకుంటూ వచ్చాను. అమ్మ పోయాక కూడా మానలేదు. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

నిజానికి తప్పు జాకెట్టుదని నాకు తోచనే లేదు. ఒంటిదే అనుకున్నాను. చీర, జాకెట్టు పండగలకే. రోజూ డ్రెస్సు మీద చున్నీ గొంతు దాకా కప్పి, పిన్నీసులు పెట్టి, ఛాతీకి పుస్తకాలు అడ్డం పట్టుకుని వంగి నడిచేదాన్ని. బౌరంపేట్‌లో ఒక స్కూల్లో లైబ్రరీ చూస్తాను, కాబట్టి పుస్తకాలకు కొదవ లేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. ఎప్పుడో ఒక పెళ్ళిలో మేనత్త నలుగురిలో "ఏందే, గిట్ల పెరిగినవ్?" అంది. ఆ మాట అన్నది ఒక్క మనిషి, ఒక్కసారి. నేను మాత్రం ప్రతి ఫంక్షన్ హాలు గుమ్మంలోనూ విన్నాను. పిలిచేవాళ్ళు పిలిచి పిలిచి ఊరుకున్నారు. మేడ్చల్ రైల్వే స్టేషన్ దగ్గర రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఆదివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాటైనా మాట్లాడకుండా గడిచిపోతాయి.

స్కూల్లో ఏటా టీచర్స్ డేకు ఆడవాళ్ళందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని ఫొటో దిగుతారు. దాన్ని ఫ్రేము కట్టి వరండాలో తగిలిస్తారు. నేను ఏటా ఆ రోజు సెలవు పెట్టేదాన్ని. కిందటేడు ఒక మూడో తరగతి పాప ఆ ఫొటోలన్నీ వెతికి, నా దగ్గరికొచ్చి అడిగింది: "మిస్, మీరు కొత్తగా వచ్చిండ్రా?"

పదకొండేళ్ళ నుంచి అక్కడే ఉన్నాను నేను! ఒళ్ళు మండింది, పాప మీద కాదు. బీరువా చాటుకు వెళ్ళి ఏడ్చాను. ఏమైనా సరే, ఈసారి ఆ ఫొటోలో ఉండాలనుకున్నాను.

ఈసారి నీలం రంగన్నారు. కాటన్ చీర ఒకటి కొన్నాను. దేవరయాంజాల్‌లో ఒకావిడ ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని కుడుతుందని స్కూలు ఆయమ్మ చెబితే, స్కూటీ మీద వెళ్ళాను. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. చీర, జాకెట్టు బట్ట, ఆది జాకెట్టు ముందు పెట్టాను. ఆవిడ జాకెట్టును తిప్పి చూసింది, నన్ను చూసింది, మళ్ళీ జాకెట్టును చూసింది.

"ఇది ఎవ్వరిది బిడ్డా?"

"నాదే."

"ఊకో. నీదైతే భుజాలు గిట్లెందుకుంటయ్?"

"మా అమ్మ ఆదితోని కుట్టిచ్చింది."

"మీ అమ్మ ఆది మీ అమ్మకు. నీ కొలత ఎవ్వలు దీసిండ్రు?"

నేను చున్నీ పిన్నీసు సర్దుకున్నాను.

"ఇన్నేండ్లకు ఒక్కలు గూడ తియ్యలేదా? అయ్యో నా తల్లీ!"

తలుపు దగ్గరగా వేసి టేపు తీసింది. "చున్నీ దియ్యి. చేతులు లేపు." పిన్నీసులు విప్పడానికే నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ టేపు వీపు మీంచి ముందుకు తిప్పి, అంకె చూసి, నోటుబుక్కులో రాసుకుంది, కూరగాయలు తూచినంత మామూలుగా. ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని కాచుకుని ఉన్నాను. అనలేదు. నా భుజాలు పట్టి వెనక్కి నొక్కి, "వంగితే కొలత తప్పుతది" అంది. ఇంకో మనిషి చెయ్యి నా మీద పడి ఎన్నేళ్ళయిందో ఆలోచించబోయి మానుకున్నాను. కళ్ళు నిండిపోయాయి. ఆవిడ చూసింది, చూడనట్టే చంక కొలత తీసింది.

ఆ తర్వాత తిట్లు మొదలు. "మెడ గొంతు దాక మూసుకుంటే ఇంకింత పెద్దగ అవుపడ్తది. రెండు ఇంచులు కిందికి దీస్త. ముందల మడతలు వెట్టి నాలుగు డాట్లు కుడ్త. లోపట ఏసుకునేది గూడ సైజు చూసి కొనుక్కో, సగం దాంట్లనే ఉంటది. గీ చీర గంజి వెట్టినట్టు ఉబ్బుతది, మెత్తటిది తెచ్చుకో." అన్నిటికీ తలూపాను. నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా తిట్టి కూడా చాలా కాలమైంది.

టీచర్స్ డే పొద్దున కొత్త జాకెట్టు వేసుకుని, మళ్ళీ కొన్న మెత్తటి నీలం చీర కట్టుకుని అద్దంలో లోపాల కోసం వెతికాను. హుక్కులు బుద్ధిగా ఉన్నాయి. భుజం జారలేదు. బాగున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది, కానీ బాగున్నాను.

రెండో వరసలో, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాను. పక్కనున్న మేడమ్, కృష్ణా జిల్లా ఆవిడ, "కాస్త జరగండి, నా కొంగు తొక్కుతున్నారు" అంది. అంతే. ఫొటో అయిపోయింది, అందరూ సమోసాల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎవరూ తేరిపార చూడలేదు, ఎవరూ వెక్కిరించలేదు. ఇన్నాళ్ళూ నేను రాలేదని గమనించినవాళ్ళూ లేరు, ఇవాళ వచ్చానని గమనించినవాళ్ళూ లేరు. మరి పదకొండేళ్ళు ఎవరి కళ్ళకు భయపడి దాక్కున్నానో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం ఇంటికెళ్ళాక చీర విప్పబుద్ధి కాలేదు. బాగున్నావని ఒక్కరైనా అనాలి కదా! ఫోన్‌లో పేర్లన్నీ చూశాను. గ్యాస్, ప్లంబర్, స్కూలు ఆఫీసు. ఫోన్ పక్కన పడేసి, స్కూటీ తీసి దేవరయాంజాల్ వెళ్ళాను.

ఆవిడ మిషను ఆపి తలెత్తింది. "ఏమైంది బిడ్డా? ఏడన్న పట్టిందా?"

"లేదమ్మా."

"మరి ఇంకోటి కుట్టాల్నా? బట్టేది?"

"బట్ట తేలేదు. ఊరికెనే, మీకు చూపిద్దామని వచ్చిన."

ఆవిడ ఒక క్షణం నా మొహంలోకి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని లేచి, చెయ్యి పట్టుకుని నన్ను వాకిట్లోకి, వెలుతురులోకి తీసుకొచ్చింది.

"తిరుగు" అంది.

రోడ్డు మీద జనం వస్తున్నారు, పోతున్నారు. నేను మెల్లగా తిరిగాను.