పంతులు గారి నల్ల దారం

ఫిబ్రవరి ఒకటి, మంగళవారం. ఆ పొద్దున నాకు ఎదురైన మొదటి వింత పంతులు గారి మూసిన తలుపు. నెల మొదటి రోజున మిల్లు కూత కంటే ముందే ఆ తలుపు తెరుచుకునేది. ఆ రోజు కూత వినిపించింది కాని తలుపు తెరుచుకోలేదు. గడప దగ్గర నిలబడి "సార్" అని పిలిచాను. ఆయన అక్క బయటికి వచ్చి నా భుజం పట్టుకుంది.

"లేస్తలేడు బిడ్డా" అన్నది.

నిద్రలోనే పోయారు.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. తెల్లాపూర్‌లో మా పక్కింట్లో ఉండేవారు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పారు. తరువాత రైలు పట్టాల పక్కనున్న పల్లినూనె మిల్లులో గుమాస్తాగా చేరారు. ఎన్నేళ్లయినా ఊరికి ఆయన పంతులే. మా నాయన అదే మిల్లులో ఇంజను నడుపుతాడు. ఆడపిల్లను రైలెక్కించి పట్నం బడికి పంపడానికి నాయన వెనకాడినప్పుడు, పంతులు గారు మా అరుగు మీద కూర్చుని, "దినమంత ఇంజన్ పక్కన ఉండేటోనివి, రైలంటే భయమేంది నీకు?" అన్నారట. నాయనకు నవ్వు వచ్చింది. నా చదువు ఆ నవ్వుతో మొదలైంది.

ఆయన గది గోడకు ఒక చెక్క పలక ఉండేది. దాని మీద గళ్ల కాగితం అతికించారు. అడుగున అడ్డంగా ఆ నెల మిల్లు ఆడిన పల్లికాయ బస్తాలు, పక్కన నిలువుగా ఆ నెల మిల్లుకు అయిన ఖర్చు. నెలకు ఒక చుక్క. బస్తాలు ఎక్కువైన నెల చుక్క కుడి వైపు పైకి పోయేది, తక్కువైన నెల ఎడమకు కిందికి దిగేది. ఆ చుక్కల నడుమ నుంచి ఒక నల్ల దారం ఏటవాలుగా పోయేది. దాని రెండు కొసలూ పలక అంచుల్లో గుచ్చిన రెండు గుండుసూదులకు కట్టి ఉండేవి.

"గీతే గీయొచ్చు కద సార్, దారమెందుకు?" అని మొదట్లో అడిగాను.

"సిరాతో గీస్తె అయిపోయిందనుకుంటం. ఇంక నెలలు వస్తయి గద."

ప్రతి నెలా ఒకటో తారీఖున కొత్త చుక్క పెట్టి, సూదులు పీకి, దారాన్ని జరిపేవారు. అది ఒక్కరి చేత అయ్యే పని కాదు. ఎడమ కొస ఆయన, కుడి కొస నేను. బిగువుగా లాగి పట్టుకుని, మెడ వెనక్కి వంచి, "నీ కంటికి ఎట్లున్నది?" అనేవారు. నేను "జర పైకి సార్" అంటే జరిపేవారు. తరువాత పలక ముందు కూర్చుని లెక్క వేసేవాళ్లం. ఒక్కొక్క చుక్క దారానికి ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో కొలిచి, ఆ దూరాన్ని దానితోనే గుణించి, అన్నీ కలపాలి. ఆ మొత్తం ఏ వాలులో పెడితే అన్నిటికంటే తక్కువ వస్తుందో అదే సరైన దారం. దానికి సూటిగా పోయే లెక్క ఒకటి ఉంది. పొడుగైన లెక్క. నేను మధ్యలో ఎక్కడో తప్పేదాన్ని. ఆయన చాక్‌పీసు కొసతో ఆ చోట తట్టేవారు.

ఆయన ఇదంతా ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ నేర్చుకున్నారు. నాకు మాత్రం తెలుగులోనే చెప్పాలని పంతం. మాట దొరక్కపోతే ఇద్దరం వెతికేవాళ్లం. దారం ఎడమ అంచును ఏ ఎత్తులో తాకుతుందో దానికి 'కూర్చున్న ఖర్చు' అని పేరు పెట్టాం. ఒక్క బస్తా ఆడకపోయినా మిల్లు తినేది అది: జాగా కిరాయి, కావలి మనిషి జీతం. ఒక బస్తా పెరిగితే దారం ఎంత ఎక్కుతుందో అది 'నడక ఖర్చు': ఇంజను తాగే నూనె, గోనెసంచులు, హమాలీల కూలి. ఆ మాటలు నాకు ఎంత నచ్చాయో చెప్పలేను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని లోలోపల అనుకుంటూ పోయేదాన్ని. మాటలను మనుషులు కూర్చుని తయారు చేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

జనవరిలో మిల్లు యజమాని సేటు పట్నం నుంచి వచ్చినప్పుడు పంతులు గారు పలకను మిల్లుకు తీసుకుపోయారు. ఒక వైపు నేను పట్టుకున్నాను. సేటు మనసులో మాట అప్పటికే అందరికీ తెలుసు. ఎండాకాలం వస్తే మిల్లు బంద్ పెట్టి, కొత్త పంట వచ్చాక తెరవాలని. బంద్ పెడితే ఇంజను మనిషికీ హమాలీలకూ అన్ని నెలలు పని ఉండదు. మా ఇంట్లో నా బడి కూడా ఆగిపోతుంది.

"పంట దినాలల్ల బస్తాకు పడే ఖర్చు చూడు, ఎండకాలంల చూడు. రెట్టింపు పడుతున్నది పంతులూ" అన్నాడు సేటు.

"బంద్ పెడితె మిల్లు తినుడు బంద్ చేస్తదా సేట్? కిరాయి ఆగదు, కావలి ఆగదు. కూర్చున్న ఖర్చంత తెచ్చి నాలుగు బస్తాల మీద పెట్టి, బస్తా పిరమైందంటున్నవు. ఇంకొక బస్తా ఆడితె నిజంగ పెరిగేది గీ దారం ఎక్కినంతనే. రైతులు మనకిచ్చే ఆడింపు కూలి దానికన్న ఎక్కువనే వస్తున్నది."

సేటు దారాన్ని వేలితో మీటాడు. "దీంట్లకెల్లి నూనె కారుతదా?"

"కారదు సేట్. ఎక్కడ కారిపోతున్నదో సూపిస్తది."

గుమాస్తాలు నవ్వారు, సేటు కూడా నవ్వాడు. "సరే, జనవరి చుక్క గూడ పెట్టు. వచ్చే నెల చూద్దం" అన్నాడు.

తిరిగి వస్తుంటే నాకు కోపం వచ్చింది. పలక మీద ఒక చుక్క ఉంది, మిగతా వాటికి దూరంగా, చుట్టూ సున్నా చుట్టి. పోయిన సెప్టెంబరుది. ఫౌజు దిగి ఊళ్లు అట్టుడికిన ఆ నెలలో మిల్లు దాదాపు నడవనే లేదు, అయినా ఖర్చు చాలా అయింది. బంద్ పెట్టినా ఖర్చు ఆగదనడానికి అంతకు మించిన రుజువేముంది? పంతులు గారు దాన్ని లెక్కలో కలపనూ లేదు, సేటుకు చూపనూ లేదు.

"అదొక్కటి చూపిస్తే సేటు ఒప్పుకునేటోడు కద సార్."

"ఒప్పుకునేటోడే. కాని ఆ నెల భయంతోని అదనంగ కావలి మనుషులను పెట్టినం బిడ్డా. ఆ చుక్క అబద్ధం చెప్తలేదు, కాని మామూలు నెలల సంగతి దానికి తెల్వదు. మనకు అక్కర ఉన్నదని దాన్ని సాక్షికి పిలుస్తమా?"

మాట్లాడుతూనే పట్టాల పక్కన ఆగి ఛాతీ రుద్దుకున్నారు. అంతకు ముందు కూడా రెండు మూడు సార్లు చూశాను. దవాఖానకు పోదామన్నాను. "జనవరి చుక్క పెట్టినంక పోదం" అన్నారు. నేను ఇంకా గట్టిగా చెప్పి ఉంటే వినేవారా అని ఈ వారమంతా ఆలోచించాను. వినేవారు కాదు. అదే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది.

ఆ మంగళవారం ఆయనను అరుగు మీదికి తెచ్చి పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్లు కలిపి కట్టడానికి దారం తెమ్మని ఎవరో పెద్దాయన అడిగాడు. అక్క లోపలికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో నల్ల దారం ఉంది.

"దినాం దీన్నే పట్టుకొని కూసునేటోడు. గిదే కట్టుండ్రి" అన్నది.

అది మిల్లు దారమని, దాని వాలులో మా అందరి ఎండాకాలం ఉందని, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఏమని చెప్పను? ఆమె తెచ్చినది సరైనదే. ఆయన చేతి వేళ్లకు అంత అలవాటైన వస్తువు ఆ ఇంట్లో ఇంకొకటి లేదు. పెద్దాయన దాన్ని రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. చితి దాకా అది వదులు కాలేదు.

సాయంత్రం ఆ గదిలోకి పోయి చూశాను. సూదులు నేల మీద పడి ఉన్నాయి. అవి గుచ్చిన చోట దొరికితే చాలనుకున్నాను. కాని పలక రెండు అంచులూ జల్లెడలా ఉన్నాయి. అన్ని నెలలు జరిపిన దారం. చివరగా ఆగిన రెండు రంధ్రాలేవో చెప్పే మనిషి లేడు.

పలకను మా ఇంటికి తెచ్చుకున్నాను. సేటు సంతాపం తెలిపి, వారం ఆగి వస్తానని కబురు పంపాడు. ఆ వారం అయిపోయింది, రేపు వస్తాడు. లెక్క మొదటి నుంచి వేశాను. మళ్లీ వేశాను. రెండు సార్లకు రెండు వాలులు వచ్చాయి. ఒకదాన్ని బట్టి ఎండాకాలంలో మిల్లు నడపడం మేలు. రెండోదాన్ని బట్టి అంత గట్టిగా చెప్పలేం. తప్పు ఎక్కడుందో వెతుకుతుంటే, చాక్‌పీసు తట్టిన చప్పుడు వినబడుతుందేమోనని చెవులు ఎదురు చూస్తాయి. సెప్టెంబరు చుక్కను కలిపితే ఏమవుతుందో నాకు తెలుసు. కలపలేదు.

"నువ్వు చెప్తే సేటు వింటడా బిడ్డా?" అని నాయన అడిగాడు.

"తెల్వదు నాయనా."

"మరి నేనేం జేయాలె?"

జనవరి బస్తాల లెక్క మిల్లులో ఉంది. రేపు పొద్దున కూత పడకముందే నాయనతో పాటు పోయి అది అడిగి, ఆ చుక్క పెట్టి, లెక్క మరొక్కసారి వేస్తాను. అమ్మ పెట్టెలో నల్ల దారం దొరికింది, కొంగుకు ముడి వేసుకున్నాను. సేటు రైలు దిగేలోగా దారం కట్టాలి. ఎడమ కొస నేను పట్టుకుంటాను. కుడి కొస పట్టుకోవడం ఎట్లాగో ఇప్పుడే, ఈ దీపం ముందు, నాయనకు చూపించాలి.