ఊరి అంబలి మా ఇంటికప్పు మీద పోసిన రోజు

మా చిన్నప్పుడు... ఎండాకాలంలో పడమటి గాలి లేచిందంటే ఊళ్ళో పొయ్యిలన్నీ ఆర్పేయాల్సిందే. తలారి ఎర్రన్న మావ డప్పు కొట్టుకుంటూ వీధివీధీ తిరిగేవాడు. "నిప్పులార్పండర్రా... ఓలమ్మా, పొయ్యిలార్పండి!"

అన్నీ తాటాకు ఇళ్ళు మరి. ఒక్క రవ్వ ఎగిరితే ఊరంతా బూడిదే. అందుకే తెల్లారేసరికే వంటలు కానిచ్చి, మధ్యాహ్నానికి చోడి అంబలి కుండలో పెట్టుకునేవాళ్ళం. చోళ్ళంటే రాగులే లెండి, మా వైపు అలాగే అంటాం.

రాజాం దగ్గర పల్లె మాది. అరవైల చివర్లో ఓ ఏడాది వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. బావిలో చేద వేస్తే బురద వచ్చేది. పడమటి కొండల మీద అడవి తగలబడుతుంటే ఆ మసి మా వాకిట్లో రాలేది. పొద్దున్నే ఊడవడం నా పని కాబట్టి నాకు బాగా గుర్తు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తమ్ముడు పుట్టాడు...

నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ పురిటి మంచం మీద ఉంది. లోకం తలకిందులైనా సరే, బాలింతకీ బిడ్డకీ సాంబ్రాణి పొగ వేయాల్సిందేనని నాయనమ్మ పంతం. ఆ రోజు డప్పు వినగానే పొయ్యి ఆర్పేసింది కానీ, పొగకి నాలుగు నిప్పులు దాచడం మరిచిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"ఒసే గుంటా... సూరమ్మత్త బూడిదలో నిప్పు దాస్తాది. ఓ పిడక రగిలించి అట్టుకురా. బేగి రా. ఎవులికీ కనపడకు."

పక్కిల్లే కదా. పెంకు మీద రగిలిన పిడక పెట్టుకుని, పైన ఇంకో పెంకు మూసి బయల్దేరాను. మా పశువులసాల దాకా వచ్చానో లేదో... మలుపులో డప్పు! ఎర్రన్న మావ!

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. సాల గోడకి ఆనించి మా పిడకల కుప్ప ఉంది. పిడకల్లో పిడకని ఎవరు పోల్చుకుంటారులే అనుకున్నాను... చూడండి నా తెలివి! నిప్పు పిడకని ఆ కుప్పలో దూర్చి, దానికి వీపు పెట్టి నిలబడ్డాను.

"ఏటే, ఎండలో నిలబడ్డావు?"

"ఏటీ నేదు మావా."

"తమ్ముడు బాగున్నాడా?"

"బాగున్నాడు మావా."

మావ వెళ్ళిపోతాడేమో అనుకుంటే... చుట్ట తీసి, నిప్పు లేదని గుర్తొచ్చి మళ్ళీ చెవిలో పెట్టుకుని, వానల గురించి నాతో మాట్లాడతాడేంటి! తొమ్మిదేళ్ళ పిల్లతో! చివరికి కదిలాడు. వెనక్కి తిరిగి చూస్తే నా పిడక ఏదో నాకే తెలియలేదు. కుప్పంతా పొగ. ఇంతలో గాలి విసిరింది. భగ్గుమని మంట లేచి సాల కప్పు అంటుకుంది.

నిజం చెప్పేస్తాను... నేను వెంటనే అరవలేదు. తన్నులు గుర్తొచ్చాయి. సాల కప్పుకీ ఇంటి కప్పుకీ మధ్య మూరెడు సందు కూడా లేదు. లోపల అమ్మ, ఏడు రోజుల తమ్ముడు. అప్పుడు అరిచాను. ఇప్పటికీ ఆ కాసేపు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాన్న, ఊళ్ళో మగాళ్ళు సాల కప్పు లాగి పడేస్తున్నారు. ఎడ్లు పొలంలో ఉన్నాయి కాబట్టి బతికాయి. కరువు పుణ్యమా అని గడ్డికుప్ప కూడా అప్పటికే ఖాళీ. అది నిండుగా ఉండి ఉంటే ఊరే మిగిలేది కాదు. కానీ ఇంటి కప్పు మీద రవ్వలు పడుతున్నాయి. తడపడానికి నీళ్ళేవి?

"నీల్లు నేకపోతే అంబలి నేదేటే! తెండి!" అని సూరమ్మత్త కేకేసింది. మొదటి కుండ ఆవిడదే.

అంతే. ఇంటింటి నుంచీ కుండలు వచ్చాయి. అంబలి, గంజి, కుండలో పులిసిన తరవాణి, ఎడ్ల కుడితి... తడిగా ఉన్నదల్లా మా కప్పు మీదకెక్కింది. నాయనమ్మ అమ్మని నడిపించుకుని బయటికి తెచ్చింది. తమ్ముడు పాత చీరలో చుట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు, మహానుభావుడు!

సాల పోయింది. ఇల్లు నిలిచింది.

పొగ చల్లారాక పెద్దలు అడిగారు, నిప్పు ఎవరు తెచ్చారని. నాయనమ్మ ముందుకొచ్చింది. "నానే పంపినాను. ఏటనాలన్నా నన్నే అనండి."

నాకు ఏడుపు ఆగలేదు. "ఎర్రన్న మావని సూసి నేనే పిడకల్లో దాసినాను" అనేశాను.

ఎర్రన్న మావ డప్పు కింద పెట్టాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఓలమ్మా... నిప్పు కన్నా నానంటేనే ఎక్కువ బయమైపోయినాదేటే నీకు? తల్లీబిడ్డా బయటికొచ్చినారు. ఏడవకు, ఒగ్గీ."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వినగానే నా గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. ఒక్క దెబ్బ పడలేదు... నమ్ముతారా?

ఆ ఎండాకాలం దాటాక తొలకరి మాత్రం మొహం చాటేయకుండా వచ్చింది. మొదటి వానకి మా చూరు నుంచి పుల్లటి వాసనతో నీళ్ళు కారుతుంటే, ఊరంతా ముక్కు మూసుకుని మరీ సంబరపడింది.

ఇప్పుడు మా ఊళ్ళో అన్నీ డాబాలే. గ్యాసు పొయ్యిలు. నిప్పు భయం పోయింది, నాకు చాలా సంతోషం. ఎండలే... మాఘం దాటకుండానే మొదలవుతున్నాయి. వానలు ఎప్పుడొస్తాయో వాటికే తెలియదు. తమ్ముడికి యాభై దాటి చాలాకాలమైంది, ఉక్కపోతని రోజూ తిట్టుకుంటాడు. తిట్టుకోనీ... ఉన్నాడు కాబట్టే కదా.

ఆ మధ్యాహ్నం మా వీధిలో పిల్లలెవరికీ కూడు లేదు. కుండ ఎత్తిన ఒక్క తల్లీ "మా పిల్లలకేం పెట్టాలి" అని ఆగలేదు. వాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు... ఆ రోజు వాళ్ళకి దణ్ణం పెట్టాలని తొమ్మిదేళ్ళ నాకు తోచలేదు.

మీ ఇంటి కోసం తమ పూట కూడు వదులుకున్న వాళ్ళు ఎవరైనా ఉంటే, కింద వాళ్ళ పేరు రాయండి. ఇంకా బతికి ఉంటే మాత్రం... ముందు వాళ్ళకి ఫోన్ చేయండి, ఇక్కడ తర్వాత రాద్దురు.