బిందె అంచు మీద అరవ అక్షరాలు

మద్రాసు ఎవరికి చెందాలని ఊరంతా వాదించుకుంటున్న రోజులవి. చూలై పేటలో నాలుగైదు కుటుంబాలు అద్దెకుండే మా ఇంట్లో మాత్రం కొళాయి ముందు ఎవరికన్నదే తగువు. నీళ్ళు తెల్లవారుజామున వచ్చేవి. రాత్రే బిందెలు వరసలో పెట్టుకునేవాళ్ళం.

ఒకరోజు పక్క వాటాలో ఉండే అరవ మామి ఇత్తడి బిందె మాయమైంది. అంతకుముందు బిందెల వరస తారుమారు చేసి నవ్వినవాణ్ణి నేనే కాబట్టి విచారణ అవసరం లేకపోయింది.

"సత్యంగా నేను తియ్యలేదు నాన్నా!"

"నీ తమాషాలకు హద్దు లేదా? పో, మామికి బిందె తెచ్చియ్యి!" అని నాన్న కొళాయి దగ్గర అందరి ముందూ అరిచాడు. ఆఫీసులో నోరెత్తని గుమాస్తా ఆయన. అంత గొంతుందని మాకే తెలియదు.

ఆ రోజంతా నేను దొంగను. జోకు వేసినా ఎవరూ నవ్వలేదు. దొంగ అనడం కన్నా అదే ఎక్కువ బాధ.

సాయంత్రం చింతపండుతో బిందె తోముతున్న అమ్మ ఆగిపోయింది. "ఏమండీ, ఇది మనది కాదు!"

అంచు మీద అరవ అక్షరాల్లో మామి పేరు చెక్కి ఉంది. మా బిందె ముందురోజు రాత్రి వరసలో పెట్టనే లేదు, వంటింటి మూల బోర్లించే ఉంది. చీకట్లో మాదనుకుని నాన్నే నింపి మోసుకొచ్చాడు.

"గుట్టుగా కొళాయి కాడ పెట్టేసి రా నాయనా. పిల్లకాయ, రేపటికి మర్చిపోతాడు," అంది నానమ్మ.

"మర్చిపోను," అన్నాను.

"తిట్టింది ఆడ కదమ్మా, అందరి ముందర. చెప్పాల్సిందీ ఆడే," అన్నాడు నాన్న.

మర్నాడు కొళాయి దగ్గర బిందె మామి ముందు దించి, పంచె సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు.

"చూసుకోకుండా తీసుకుపోయింది నేను మామీ, వీడు కాదు." నా వైపు తిరిగాడు. "నిన్ను తిట్టింది తప్పు రా."

"విడుంగ సార్, పోనియ్యండి! పిల్లకాయ దగ్గర ఇదేంది?" అంది మామి.

"పిల్లకాయకూ పరువుంటాది కదా మామీ."

నాకు ఏడుపు వచ్చేసేదే. ఈలోపు వెనకనుంచి ఎవరో, "సార్, పక్కన నిలబడి మాట్లాడండి, నీళ్ళు నిలిచిపోతాయి!" అని కేకేశారు.

నిజాయితీ గురించి నాన్న నాకెప్పుడూ పాఠం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత ఏ బిందె కనబడకపోయినా జనం ముందు మిగతా బిందెల అంచులు చూసి, ఆపైనే నా వైపు చూసేవారు. నాలాంటివాడికి అంత మర్యాద సంపాదించి పెట్టడం చిన్న పని కాదు. నాన్నకు రుణపడి ఉన్నాను.