పెదనాయన విన్న చప్పుడు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను నంద్యాలలో విలేఖరిని. గుండెదడతో మా పెదనాయన, తోడుగా పెద్దమ్మ ఆళ్లగడ్డ నుంచి వచ్చారు. గుండె లయ తప్పుతోందని, పొగాకు, కాఫీ మాని రోజూ నడవమని డాక్టరు చెప్పాడు.

“ఉత్త నడకతో నయమైతాదా? సూదెయ్యప్పా!” అన్నాడు పెదనాయన.

డాక్టరు నవ్వి స్టెతస్కోపు ఆయన చెవులకే తగిలించాడు. పెదనాయన బిగుసుకుపోయాడు. “నడస్తా నడస్తా నిలబడ్తాందేందప్పా ఇది!” అంటూ రొండిన దోపుకున్న పొగాకు తీసి బల్లమీద పెట్టేశాడు.

ఆ వేసవంతా బండి కట్టకుండా చేనికి నడిచే వెళ్లాడు. మళ్లీ వచ్చినప్పుడు ఆయన గుండెను పెద్దమ్మ కూడా వింది. కళ్లు మూసుకుని చాలాసేపు విని, “ఇప్పుడు చెప్పినమాట ఇంటాంది” అంది.

తర్వాత నేనూ విన్నాను. రోజూ వార్తలు రాసే నాకు ఆ నిలకడైన చప్పుడును వర్ణించే మాట ఇప్పటికీ దొరకలేదు.