పైన తాడు కట్టేవాడు

ఎత్తైన భవనాలకు బయటివైపు రంగులు వేసే పనిలో ఒక కట్టుబాటు ఉంది. తాడు మీద దిగేవాడు తన ముడి తాను వేసుకోకూడదు. పైనున్నవాడు వేయాలి, వేసి ఆ ముడి పక్కనే కూర్చోవాలి. కిందివాడు తాడును ఒకసారి లాగితే దించాలి, రెండుసార్లు లాగితే కప్పీ మీద పైకి చేదాలి. మేస్త్రి దిగేవాడు. అతని బావమరిది, అంటే భార్య తమ్ముడు, పైన ఉండేవాడు. ఆ చేతి ముడిని మేస్త్రి ఏనాడూ తిరిగి చూసుకోలేదు.

ఇద్దరిదీ ఒకే చర్చి. ఓటు మాత్రం చెరో పార్టీకి. ఎన్నికల ముందు దాకా అది టీ కొట్టు దగ్గర ఎకసెక్కాలకే పనికొచ్చేది. ఫలితాలు వచ్చిన రోజు, గెలిచినవాళ్ల ఊరేగింపు మేస్త్రి కొడుకును దారిలో పట్టుకుని మోకాలు చితికేదాకా కొట్టింది. ముందు జెండా పట్టుకున్నవాడు బావమరిది. మేనల్లుడు "మామా!" అని అరిచాడు. మామ జెండాను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని నడిచిపోయాడు.

ఆ తర్వాత చర్చిలో బెంచీలు రెండు వర్గాలయ్యాయి. పాస్టరుగారు ప్రేమ గురించి గంటసేపు చెప్పి, ఏ వైపూ చూడకుండా దిగిపోయేవారు. మేస్త్రి రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం మానేశాడు. కడుపులో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టలేడు. క్షమించానని ప్రార్థనలో అన్నాడు గాని, అన్నాక కూడా పగ అలాగే ఉంది. మాటతో అయ్యే పని కాదని తేల్చుకుని బావమరిది ఇంటికి వెళ్లాడు.

"రేపు పని ఉంది. తాడు నువ్వే కట్టాలి."

"ఏంటి బావా, పడి చచ్చి నా మీద కేసు పెడదామనా?"

"చచ్చినవాడు కేసెలా పెడతాడ్రా? పొద్దున్నే రా."

ఇంట్లో కొడుకు మంచం మీంచి లేవకుండానే అన్నాడు: "ఆయన కట్టిన తాడుకు వేలాడితే, ఇంక నన్ను కొడుకని పిలవకు నాన్నా."

"వాడూ నేనూ ఒకే రొట్టె తినేవాళ్లంరా."

"అందులోకి నా మోకాలు నంజుకోండి."

మేస్త్రి వెళ్లాడు. బావమరిది ముడి వేశాడు. వంక పెట్టడానికి లేని ముడి. గోడ సగం దిగాక పైన నవ్వులు వినిపించాయి. బావమరిది పార్టీవాళ్లు మేడెక్కారు.

"భలే తగిలించావు గాలానికి! ఉండనీ, టీ తాగొద్దాం రా."

వెళ్లకపోతే బావమరిది వాళ్లలో తలెత్తుకోలేడు. వెళ్లాడు.

మేస్త్రి రెండుసార్లు లాగాడు. మళ్లీ లాగాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. పట్టీలు తొడల్లోకి కోసుకుపోయి కాళ్లు మొద్దుబారాయి. కింద జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. "రంగేస్తున్నాడా, ఉతికి ఆరేశారా?" అని ఒకడంటే అందరూ నవ్వారు. ఆ గుంపులో చేతికర్రతో కొడుకు కనిపించాడు.

"ఒరేయ్, వాచ్‌మన్‌ను పైకి పంపరా!"

"నీ బావమరిదిని పిలువు నాన్నా," అని వాడు కర్ర తిప్పుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం నీళ్ల ట్యాంకు చూడ్డానికి మేడెక్కిన వాచ్‌మన్ అతన్ని పైకి చేదాడు. మేస్త్రి పార్టీవాళ్లు ఇంటికొచ్చారు. "ఊఁ అను చాలు, వాడి చేతులు విరిచేస్తాం."

"ఆ చేతులతో నాకు పనుంది," అన్నాడు మేస్త్రి. వాళ్లు గుమ్మంలో ఉమ్మేసి పోయారు.

కాళ్లు తేరుకుని మళ్లీ నడక వచ్చిన మొదటి ఆదివారం మేస్త్రి చర్చిలో అవతలి వైపు వెళ్లి బావమరిది పక్కన కూర్చున్నాడు. ఆ బెంచీలోని మిగతావాళ్లు లేచి పక్కకు పోయారు.

"గోడ సగంలో ఉంది. రేపు రా."

"నీకు సిగ్గు లేదా బావా?"

"ఉంది. రేపు రా."

ఆ రోజు మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్లాడు. బావమరిది కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

మర్నాడు వచ్చాడు. ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు. కింద నుంచి పార్టీవాళ్లు పేరు పెట్టి బూతులు తిడుతున్నా, గోడ పూర్తయ్యేదాకా ముడి పక్క నుంచి లేవలేదు.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి కొడుకు మంచం ఎత్తేసి ఉంది. భార్య అన్నం పెడుతూ చెప్పింది.

"వెళ్లిపోయాడు. ఎక్కడికో మీకు చెప్పొద్దన్నాడు."

మేస్త్రి గోడకు చేరబడ్డాడు.

"రేపు కూడా మా తమ్ముడితోనేనా పని?"

"రేపు కూడా."

ఆమె అతని ముందున్న కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.